పిల్లలకి వంత ఇవ్వండి

అధ్యక్షులవారికి, భజన మందిరం పెద్దలకి, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకి నమస్కారం. పేరుపేరునా చెప్పమన్నారు గానీ, అలా చెబితే పులిహోర చల్లారిపోతుంది.

జానపదం, నేటి పిల్లలు అని మాట్లాడమన్నారు. దానికంటే ముందు కడుపులో ఉన్నది ఒకటి కక్కేయాలి. మొన్న మన పర్లాకిమిడిలోనే ఒక బడి వార్షికోత్సవానికి వెళ్లాను. పల్లె నుంచి తప్పెటగుళ్ల వాళ్లని పిలిపించారు. ఎక్కడ నిలబెట్టారో తెలుసా? గేటు దగ్గర! ముఖ్య అతిథి కారు దిగి లోపలికి వెళ్లేదాకా వాయించడం, అంతే. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఎగురుతూ, తెల్లవార్లూ కృష్ణుడి కథ పాడగలిగినవాళ్లండీ వాళ్లు! స్టేజీ మీద మాత్రం 'ఫోక్ డ్యాన్స్' అని ప్రకటించి పెన్‌డ్రైవ్‌లో సినిమా పాట పెట్టారు. పిల్లలు బాగానే ఆడారు, వాళ్లని ఏమీ అనను. "వీళ్లకీ ఒక పది నిమిషాలు ఇవ్వండి" అని అడిగితే "మైకు సెట్ కాదు మాస్టారూ" అన్నారు. తప్పెటకి మైకేటండీ! వీధి చివర పడుకున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు.

సరే, విషయానికొస్తాను. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక పర్లాకిమిడి జమీందారీ ఊళ్లు కొన్ని అటు, కొన్ని ఇటు పడ్డాయి, మన ఊరు ఒడిశాలో పడింది. మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం రాదు. ముందు అక్షరాలు నేర్పండి, పాట తర్వాత అంటారు కొందరు. నేనొప్పుకోను. జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పినవాళ్లు పుస్తకం చూసి నేర్చుకున్నారా? ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనులని ఇంట్లో ఉంచుకుని వాళ్ల నోటి నుంచి సవర నేర్చుకున్నారు, తెలుగు అక్షరాల్లో సవర పుస్తకాలు రాశారు. అలాంటప్పుడు మన పిల్ల తెలుగు పాటని ఒడియా అక్షరాల్లో రాసుకుంటే ఏం మునిగిపోతుంది?

అమ్మా, ఆ స్తంభం పక్కన నిలబడ్డ తల్లీ, మీ అమ్మగారి దంపుళ్ల పాటలు నీకొచ్చా? ఫోన్‌లో రికార్డు చేశావా? మంచిదే. మరి ఎప్పుడైనా నీ కూతురి పక్కన కూర్చుని పాడావా?

నేను అడిగేది పెద్ద పనేం కాదు. శనివారం భజనకి పిల్లలొస్తే "అల్లరి చెయ్యకండి, వెనక్కి పొండి" అంటున్నాం. ముందుకి పిలవండి. చేతిలో తాళం పెట్టండి. తప్పుతారు, తప్పనివ్వండి. తాళం కుదిరాక వంత ఇవ్వండి, కథకుడు చరణం అనగానే అందుకోవడమే. వంత పాడీ పాడీ ఒకరోజు కథ మొత్తం వాళ్ల నోట్లో ఉంటుంది. కోర్సులు, సర్టిఫికెట్లు పెట్టకండి బాబూ, పిల్లలకి ఉన్న ట్యూషన్ టెన్షన్ చాలు. ఇంకో మాట, కథ చెప్పేవాళ్లని పిలిస్తే దారిఖర్చులు, భోజనం, డబ్బు ముందే మాట్లాడండి. శాలువా కప్పితే ఇల్లు గడవదు.

చిన్న చేతులకి సరిపోయే తాళాలు మన దగ్గర లేవు, పిల్లలకి ఒక పది జతలు కావాలి. సెక్రటరీ గారూ, చందా పుస్తకం తియ్యండి. మొదట నా పేరు రాసి, తర్వాత మైకు అధ్యక్షులవారికి ఇవ్వండి, ఆయన ఎంతిస్తారో అందరూ వింటారు.