ఎల్డొరెట్–కంపాలా పైపులైను: దిగుడు లెక్క

సభకు నమస్కారం. పొగడ్తలన్నీ అధ్యక్షులవారు కానిచ్చేశారు కాబట్టి నేరుగా పైపు దగ్గరికి వస్తాను.

కెన్యాలో మొంబాసా రేవు నుంచి నైరోబీ మీదుగా ఎల్డొరెట్ దాకా పెట్రోలు, డీజిలు గొట్టంలోనే వస్తాయి. అక్కణ్ణుంచి ఉగాండాకు ట్యాంకర్లే దిక్కు. 2022 జనవరిలో మలాబా సరిహద్దులో కోవిడ్ పరీక్షల పేచీతో లారీలు బారులు తీరేసరికి ఉగాండాలో పెట్రోలు ధర చుక్కలు చూపించింది. గొట్టాన్ని ఉగాండా రాజధాని కంపాలాకి పొడిగించాలన్న మాట అంతకంటే చాలా పాతది. లిబియావాళ్ళ చమురు కంపెనీ టామాయిల్ చేతికి వెళ్ళి కూడా ఆగిపోయింది.

దూరం సుమారు 350 కిలోమీటర్లు. ఇది అందరూ అడుగుతారు. మీరు ఎత్తు అడగండి. ఎల్డొరెట్ 2,100 మీటర్ల మీద ఉంది, సరిహద్దు 1,200 దరిదాపుల్లో. దిగుడే కదా, పంపు ఖర్చు మిగిలిందని మురిసిపోతే పప్పులో కాలేసినట్టే. గొట్టం నిండా డీజిలు నిలిచి ఉంటే ఆ 900 మీటర్ల బరువుకే అడుగున 74 బార్ల ఒత్తిడి (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). పెట్రోలయితే 65. సరుకు మారుతున్నకొద్దీ కింది కంట్రోల్ వాల్వు సర్దుకుంటూ ఉండాలి. అతిగా తెరిచారా, పైన ఒత్తిడి పడిపోయి పెట్రోలు ఆవిరవుతుంది, గొట్టం సగం ఖాళీగా మురుక్కాలవలా పారుతుంది. ఇక ఇటు ఎంత పోశాం, అటు ఎంత వచ్చిందన్న లెక్క కుదరదు. లీకును పట్టిచ్చేది ఆ లెక్కే.

డీజిలు, కిరసనాయిలు, పెట్రోలు ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి, మధ్యలో అడ్డుగోడ ఉండదు. 14 అంగుళాల గొట్టమనుకుంటే కిలోమీటరుకు సుమారు 90 వేల లీటర్లు. అంటే రెండు సరుకులు కిలోమీటరు మేర కలిసిపోతే రెండున్నర ట్యాంకర్ల కలగాపులగం. కలిసిన పెట్రోలు–కిరసనాయిలును పెట్రోలు ట్యాంకులోకే మళ్ళించాలి, అదీ కొలత మించకుండా. కిరసనాయిల్లోకి వెళ్తే ఎవరింట్లోనో స్టవ్వు పేలుతుంది. ఇంకో మాట. పంపు ఆపాల్సి వస్తే ఆ కలిసే చోటు వాలు మీద ఉండకూడదు. పైన డీజిలు, కింద పెట్రోలు పెట్టి ఆపితే బరువైనది కిందికి జారి, తెల్లారేసరికి రెండూ కలిసిపోతాయి. చదునైన చోటికి వచ్చాకే ఆపాలి.

బ్యాచ్‌ల వరస, అంటే ఏ సరుకు వెనక ఏది పంపాలన్నదాని గురించి ఇంకా చెప్పాలనే వచ్చాను. పక్కన పెడతాను. నైరోబీలో సినాయ్ అనే మురికివాడ ఉంది. 2011 సెప్టెంబర్ 12న అక్కడ పైపులైను నుంచి కారిన పెట్రోలు మురుక్కాలవలోకి చేరింది. జనం బిందెలు, డబ్బాలు పట్టుకుని పరిగెత్తారు. అంటుకుంది. వందమందికి పైగా పోయారు. గొట్టం దారి మీదే ఇళ్ళు లేచాయి, వాటిని ఖాళీ చేయించనూ లేదు, గొట్టాన్ని పక్కకి జరపనూ లేదు. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊరు కాలింది గ్యాస్ పైపుతో. పెట్రోలు వేరు, గ్యాస్ వేరు, ఒప్పుకుంటాను. లీకు వాసన ముందు ఎవరికి తెలుస్తుందో చెప్పండి. కంట్రోల్ రూముకా, పక్కింటివాళ్ళకా?

మలాబా దగ్గర ఈ గొట్టానికి వాల్వూ ఉండాలి, మీటరూ ఉండాలి. అర్ధరాత్రి కెన్యా వైపు 40 వేల లీటర్లు ఎక్కువ పోసినట్టు, ఉగాండా వైపు తక్కువ అందినట్టు మీటర్లు చెప్తే ఆ వాల్వు మూసే చెయ్యి ఎవరిది? రెండో దేశాన్ని అడక్కుండానే మూసే అధికారం దానికి ఉందా? ఒప్పందం కాగితం మీ చేతికొస్తే టారిఫ్ (రవాణా రుసుము) పేజీ తర్వాత చూద్దురుగాని, ముందు ఈ పేరా ఉందో లేదో వెతకండి.