చల్లనీళ్ళకు పండ్లు జివ్వుమంటున్నాయా? చిగుళ్ళ సంగతి చూసుకోండి

నమస్తే అందరికీ. ఎండలు ముదిరాయి. వరంగల్‌లో, రామగుండంలో మే నెల వచ్చిందంటే 44, 45 డిగ్రీలు మామూలే. అంత ఎండలో పడి ఇంటికొచ్చి, చల్లటి నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని కూడా తాగడానికి భయపడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. పై కోరపండ్ల దగ్గర నాకు చిగురు జారింది. నీళ్ళు అటువైపు పోకుండా తల ఒక పక్కకు వంచి తాగడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. జారిన చిగురు దానంతటది మళ్ళీ పెరగదు. ఏ నూనె రాసినా, ఏ పొడి పెట్టినా పెరగదు. కానీ ఆ జివ్వుమనే బాధను బాగా తగ్గించుకోవచ్చు. ఇంకా జారకుండా ఆపుకోవచ్చు. అందుకు పెద్ద ఖర్చేమీ లేదు, చేయి తేలిక కావాలి, ఓపిక కావాలి.

అసలు ఎందుకు జివ్వుమంటుంది? బయటికి కనిపించే పన్ను మీద ఎనామిల్ ఉంటుంది. మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం అదే. చిగురు లోపల ఉండే వేరు మీద మాత్రం ఎనామిల్ ఉండదు. సిమెంటమ్ అనే పలుచని పొర ఉంటుంది. చిగురు జారి వేరు బయటపడితే ఆ పొర తొందరగా అరిగిపోతుంది. దాని కింద ఉండేది డెంటిన్. అందులో కంటికి కనపడని సన్నటి గొట్టాలుంటాయి, ఒక్క చదరపు మిల్లీమీటరులోనే వేల సంఖ్యలో. వాటి నిండా ద్రవం. చల్లటిది తగిలితే ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలికకే లోపలి నరం ఉలిక్కిపడుతుంది. స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో ప్రయోగాలు చేసి బలపరిచిన వివరణ ఇది. ఇప్పటికీ డాక్టర్లు ఎక్కువగా ఒప్పుకునేది దీన్నే. తీపి కూడా ఆ ద్రవాన్ని బయటికి లాగుతుంది. అందుకే మేడారం నుంచి తెచ్చిన బంగారం, అదే మన బెల్లం, చిన్న ముక్క నోట్లో వేసుకున్నా ప్రాణం లేచొచ్చినట్టు అవుతుంది.

ఇప్పుడు అద్దం ముందుకు వెళ్ళండి. వెలుతురు బాగుండాలి. పెదవి పైకెత్తి కోరపన్ను, దాని వెనక పండ్లు చూడండి. పన్ను మామూలు కంటే పొడుగ్గా కనిపిస్తుందా? తెలుపు ఆగిపోయి పసుపు రంగు మొదలయ్యే గీత కనిపిస్తుందా? ఆ పసుపు భాగమే వేరు. చిగురు అంచు దగ్గర గోటితో మెల్లగా, పైనుంచి కిందకు రాసి చూడండి. కొందరికి అక్కడ చిన్న గాడి తగులుతుంది, గోరు అందులో ఆగుతుంది. ఏళ్ళ తరబడి గట్టిగా అడ్డంగా రుద్దితే పడే గాడి సాధారణంగా అలాగే ఉంటుంది.

నాకు మనసులో బాధ కలిగించేది ఇదే. మన ఇళ్ళలో పండ్లు గట్టిగా తోముకోవడమంటే శుభ్రత. పిల్లలకు కూడా "గట్టిగా తోము" అనే చెప్తాం. పాచి చాలా మెత్తగా ఉంటుంది, మెత్తని బ్రష్‌తో తేలిగ్గానే పోతుంది. గట్టిబడి గారగా మారితే ఎంత బలంగా రుద్దినా పోదు. అంటే ఆ బలమంతా పడేది చిగురు మీద, వేరు మీద. బొగ్గు, ఉప్పు, ఇటుక పొడి, గరుకుగా ఉండే ఎర్ర పండ్లపొడి, వీటన్నిటినీ వేరు బయటపడ్డవాళ్ళు ఇవాళే పక్కన పెట్టేయండి. వేపపుల్ల వేసే పెద్దవాళ్ళతో నేను గొడవ పెట్టుకోను. కొస బాగా నమిలి మెత్తగా చేసుకుని, చిగురు వైపు నుంచి పంటి వైపు గీయమని మాత్రం చెప్తాను. అడ్డంగా రాపాడించొద్దు.

బ్రష్ మీద "సాఫ్ట్" అని ఉన్నదే కొనండి. పిడికిలితో పట్టుకోకుండా పెన్ను పట్టినట్టు మూడు వేళ్ళతో పట్టుకోండి, బలం దానంతటదే తగ్గిపోతుంది. కుచ్చును చిగురు, పన్ను కలిసే చోట కొంచెం ఏటవాలుగా ఆనించి, ఉన్నచోటే చిన్నగా కదిలించి, పంటి అంచు వైపు తిప్పేయండి. రెండు మూడు పండ్లు అయ్యాక పక్కకు జరగండి. మొత్తం రెండు నిమిషాలు. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. బ్రష్ కుచ్చు మూడు నెలలు కూడా కాకముందే విచ్చుకుపోతోందంటే మీరు ఇంకా గట్టిగానే రుద్దుతున్నారు.

ఇక పేస్టు. సెన్సిటివ్ పండ్ల పేస్టు వారం వాడి "పని చేయట్లేదు" అని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు నరాన్ని నెమ్మదిగా శాంతపరుస్తుంది, దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అది కూడా రోజూ రెండుపూటలా వాడితేనే. స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినైన్ ఉన్నవి ఆ గొట్టాల మూతులను పూడుస్తాయి. ఏదైనా ఒకటి ఎంచుకుని నెలపాటు మార్చకుండా వాడండి. రాత్రి బ్రష్ అయ్యాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేయండి. బఠాణీ గింజంత పేస్టు వేలికొసన తీసుకుని, జివ్వుమనే పన్ను మొదట్లో రాసి అలాగే పడుకోండి. తగ్గింది కదా అని ఆపేస్తే మళ్ళీ మొదలవుతుంది.

పులుపు దగ్గర మనకు కొంచెం కష్టమే. పచ్చిపులుసు లేకుండా కిచిడీ ఎవరు తింటారు చెప్పండి? తినొద్దని నేను అనను. పులుపు ఎంత తిన్నామన్నదాని కంటే ఎంతసేపు పంటికి తగిలి ఉందన్నది ముఖ్యం. అన్నంతో కలిపి తినేసి నోరు మంచినీళ్ళతో పుక్కిలించండి. ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్కను దవడన పెట్టుకుని గంటసేపు చప్పరించడం, నిమ్మరసం గుక్కగుక్కగా పొద్దంతా తాగడం, ఇవే ప్రమాదం. పులుపు తిన్న వెంటనే బ్రష్ పట్టొద్దు, కనీసం అరగంట ఆగండి. అప్పుడే మెత్తబడ్డ పైపొర రాపిడికి లేచిపోతుంది. చల్లదనానికి ఫ్రిజ్ నీళ్ళ బదులు కుండ నీళ్ళు, నాకైతే ఇప్పుడు అవే హాయి.

పొగాకు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టి బతికే అక్కలు ఎంతోమంది. తంబాకు చాలామందికి చేతికందేంత దగ్గరలో ఉంటుంది. పెదవి కింద పెట్టుకునే అలవాటు ఉంటే సరిగ్గా అక్కడే చిగురు జారుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. చిగుళ్ళ జబ్బు ఉన్నా రక్తం తక్కువ కారుతుంది, అందుకే జబ్బు ముదిరేదాకా తెలియదు. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, ఆ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడమూ కష్టమే.

క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదిలిపోతాయని మన దగ్గర గట్టి నమ్మకం. గార తీసేశాక దాని వెనక దాగిన సందు బయటపడుతుంది, కొన్ని రోజులు జివ్వుమంటుంది కూడా. ఆ సందు చేసింది క్లీనింగ్ కాదు, గార. ఆ గార అలాగే ఉంటే కింద ఎముక కరుగుతూ పోతుంది.

ప్రతి జివ్వుమనడమూ సెన్సిటివిటీ కాదు. చల్లటిది తీసేశాక కూడా నొప్పి నిమిషాల తరబడి గుంజుతున్నా, వేడి టీకి పోటు వచ్చినా, రాత్రి దానంతటదే లేచి నిద్రపట్టనివ్వకపోయినా, సకినం కొరికినప్పుడు ఒక్క పన్నే సలుక్కుమన్నా, అది పుచ్చు కావచ్చు, పగులు కావచ్చు. అప్పుడు పేస్టు రాసుకుంటూ కూర్చోవద్దు. లవంగ నూనె తాత్కాలికంగా తిమ్మిరి ఇస్తుంది, ఎక్కువైతే చిగురును కాలుస్తుంది.

గాడి పడ్డచోట డాక్టర్లు ఫిల్లింగ్ పెడతారు, లేదా జివ్వుమనకుండా వార్నిష్ అనే మందు పూత పూస్తారు. చిగురు బాగా జారితే అంగిట్లోంచి కొంచెం కణజాలం తీసి అక్కడ కుడతారు. అది అందరికీ అవసరం పడదు, చేసేవాళ్ళు చిగుళ్ళ స్పెషలిస్టులు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి, ఇంకా పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

వెళ్ళినప్పుడు ఏ పన్ను, చల్లటికా వేడికా, నొప్పి ఎంతసేపు ఉంటోంది, ఇవి స్పష్టంగా చెప్పండి. షుగర్ ఉంటే, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటుంటే అది కూడా. చిగురు ఎన్ని మిల్లీమీటర్లు జారిందో కొలిచి చీటీ మీద రాసివ్వమని అడగండి, సంకోచించకండి. ఆర్నెల్లకు అదే చీటీ పట్టుకెళ్ళి మళ్ళీ కొలిపించుకోండి. అంకె పెరగకపోతే ఇప్పుడు తోముతున్నట్టే తోముకోండి. పెరిగితే బ్రష్ కూడా వెంట తీసుకెళ్ళి, మీరు ఎలా తోముతున్నారో డాక్టర్ ముందే చేసి చూపించండి.