అద్దాల గదిలో రోబో చేయి

(హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో రోబోటిక్స్ ప్రయోగశాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న యాజమాన్య ప్రతినిధులకు, ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్, మెకానికల్ శాఖల అధ్యాపక మిత్రులకు, ఎదురుగా ఉన్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఆహ్వాన పత్రికలో పేర్లు లేకపోయినా, ఆ గదిలో బల్లలు వేయించి, వైర్లు లాగించి, ప్రతి బోర్డునూ ఒకసారి నడిపించి చూసిన ల్యాబ్ టెక్నీషియన్లకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. ఈ ప్రయోగశాల నడవడమైనా, మూతపడడమైనా ఇకమీదట చాలావరకు వారి చేతుల్లోనే ఉంటుంది.

నాకిచ్చిన అంశం కళాశాల స్థాయిలో కంప్యూటర్ సైన్స్, రోబోటిక్స్ బోధన. సిలబస్ గురించీ, ఉద్యోగావకాశాల గురించీ మీరు ఇప్పటికే తగినంత విని ఉంటారు కనుక వాటి జోలికి ఎక్కువగా పోను. నేను అడగదలచినది ఒక్కటే. ఇందాక రిబ్బన్ కత్తిరించిన ఆ గది తాళంచెవి రేపటి నుంచి ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి అసలు రోబో ఎందుకో ముందు చెప్పుకోవాలి. మొదటి రెండేళ్లలో మన పిల్లలు రాసే ప్రోగ్రాముల్లో దాదాపు ప్రతిదానికీ ఒక ఖాయమైన జవాబు ఉంటుంది. అంకెలను వరుసలో పెట్టమంటే నిన్న పెట్టినట్టే నేడూ పెడుతుంది. అదే విద్యార్థికి రెండు చక్రాల చిన్న బండి ఇచ్చి, గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో ఆగేలా ప్రోగ్రాం రాయమనండి. దూరం 20కి సమానమైతే ఆగమని రాస్తాడు. తర్కంలో లోపమేమీ కనిపించదు, కానీ బండి తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకుంటుంది. దూరం కొలిచే సెన్సర్ ఒకసారి 20.7 అంటుంది, మరుసటి క్షణం 19.4 అంటుంది, సరిగ్గా 20 అని మాత్రం అనదు. సమానమా అని అడగకూడదు, అంతకు తగ్గిందా అని అడగాలి అని పాఠ్యపుస్తకమూ చెబుతుంది, కానీ గోడ చెప్పినంత గట్టిగా చెప్పలేదు.

ఆ సెన్సర్‌నే ఇంకొంచెం పట్టుకుని చూద్దాం. అది మన చెవికి వినిపించని ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. ఆ కాలాన్ని దూరంగా మార్చడానికి ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని అందరూ ఎక్కడి నుంచో తెచ్చి కోడ్‌లో పెట్టుకుంటారు. అది 20 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గరి వేగం. మే నెలలో మన నగరంలో 40 డిగ్రీల ఎండలో ఆ వేగం దాదాపు 355 మీటర్లు ఉంటుంది కాబట్టి, 2 మీటర్ల దూరంలో ఉన్న గోడ సుమారు 7 సెంటీమీటర్లు దగ్గరగా ఉన్నట్టు బండికి తోస్తుంది. ఇంటర్మీడియట్‌తోనే ఫిజిక్స్ పీడ వదిలిందనుకున్న సీఎస్ఈ విద్యార్థి, ఆ పాత పుస్తకం మళ్లీ తెరిచేది ఇలాంటి రోజునే. అలాగే మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణంలో బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, బండిని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు తనంతట తాను మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కోడ్‌లో లేని తప్పును కోడ్‌లో వెతుకుతూ ఒక పూట గడిపిన పిల్లవాడికి, ప్రోగ్రాం అనేది ఒక యంత్రం మీద, ఒక బ్యాటరీ మీద ఆధారపడి నడుస్తుందన్న సంగతి జన్మలో మరవకుండా గుర్తుంటుంది. ఈరోజుల్లో కోడ్‌ను కృత్రిమ మేధ రాసి పెడుతున్నది, మంచిదే. ఎడమ చక్రం స్క్రూ వదులైందని మాత్రం దానికి ఎవరో ఒకరు చూసి చెప్పాలి.

శాఖల మధ్య గోడల గురించి కూడా ఒక మాట. ఈ నగరం చుట్టుపక్కల కళాశాలల్లో సీఎస్ఈ సెక్షన్లు పెరుగుతుంటే మెకానికల్, సివిల్ సీట్లు తగ్గుతూ వచ్చాయి. రోబో మాత్రం ఆ లెక్కను ఒప్పుకోదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగ్‌లో. ఆయనే 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీకి చాలాకాలం పాలక మండలి అధ్యక్షులుగా ఉన్నారు. కౌన్సెలింగ్‌లో ఏ శాఖ వచ్చిందన్న దిగులుతో ఇక్కడ కూర్చున్నవారు ఉంటే ఈ వివరం వారి కోసమే.

ఇప్పుడు తాళంచెవి దగ్గరికి వస్తాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో, తనిఖీ బృందం వస్తున్నదని ఆరు కీళ్ల రోబో చేయి ఒకటి కొన్నారు. దానికి అద్దాల గది కట్టించారు. తనిఖీ రోజున అది ఒక చెక్క దిమ్మెను ఈ పక్క నుంచి తీసి ఆ పక్కన పెట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు, ఆ ఫొటో కళాశాల బ్రోచర్ అట్ట మీదికి ఎక్కింది. మర్నాటి నుంచి ఆ గదికి తాళం పడింది. ప్రతి ఏడాదీ కొత్త విద్యార్థులను వరుసలో తీసుకువెళ్లి అద్దం బయటి నుంచి దాన్ని చూపించేవారు. ఒక్కసారి తలుపు తీయండి, ఒక్క కీలునైనా పిల్లల చేత కదిలించనివ్వండి అని నేను అడిగినప్పుడల్లా వచ్చిన సమాధానం ఒక్కటే: పాడైతే ఎవరు బాధ్యులు? డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో, అంటే కళాశాల శాశ్వత సామగ్రి చిట్టాలో, సంతకం చేసిన అధ్యాపకుడికి ఆ మాట జీతంలో కోతలాగే వినిపిస్తుంది కాబట్టి, ఆయన తాళం వేయడాన్ని నేను తప్పుపట్టలేను. అలా తాళం వేయించిన పద్ధతిని మాత్రం ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.

చివరికి ఒక ఏడాది అనుమతి వచ్చింది. స్విచ్ వేస్తే చేయి కదలలేదు. అలాంటి చాలా యంత్రాల్లో ప్రతి కీలు ఏ కోణంలో ఉన్నదో గుర్తుంచుకునే ఎన్‌కోడర్లకు, కరెంటు లేనప్పుడు ఆధారం చిన్న బ్యాటరీలు. ఎవరూ మార్చకపోవడంతో అవి ఎప్పుడో అయిపోయాయి, దానితో పాటు తన కీళ్ల సున్నా స్థానం ఎక్కడో ఆ చేయి మరచిపోయింది. కంపెనీ మనిషిని పిలిపించి సరిచేయించడానికి పెట్టిన ఫైలు ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి తిరుగుతుండగానే నేను అక్కడి నుంచి వచ్చేశాను. వాడితే పాడవుతుందని దాచిన యంత్రం వాడకపోవడం వల్లనే పాడైంది. అన్నేళ్లలో దాన్ని ముట్టుకున్న విద్యార్థి ఒక్కరూ లేరు. సిలబస్ గురించి చెప్పవలసిన సమయాన్ని ఈ చేయి తినేస్తున్నదని నాకు తెలుసు, కానీ సిలబస్ మార్చడానికి సంఘాలున్నాయి, ఈ మాట చెప్పడానికి ఎవరూ లేరు.

దీని ఫలితం ఎక్కడ తేలుతుందో మీకూ తెలుసు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు, రికార్డుతో సహా, అమీర్‌పేటలో డబ్బిస్తే దొరుకుతుంది. కొనుక్కున్న పిల్లలను తిట్టడం తేలిక. ఏడాది పొడవునా ల్యాబ్ మూసి ఉంచి, బయటి నుంచి పరీక్షకుడు (ఎక్స్‌టర్నల్) వచ్చిన రోజున మాత్రం బండి నల్ల గీత మీద తప్పిపోకుండా నడవాలని అడిగితే, ఇరవై ఏళ్ల పిల్లవాడు ఇంకేం చేస్తాడు? తప్పిపోయిన బండికి మార్కులు లేవని చెప్పింది మనమే కదా.

2004 మార్చిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, మోహావే ఎడారిలో మనిషి నడపని బండ్లకు పోటీ పెట్టింది. ఒక్కటీ గమ్యం చేరలేదు. అన్నిటికంటే ముందుకు వెళ్లినది కూడా 12 కిలోమీటర్లు దాటలేదు. మరుసటి ఏడాది అక్టోబరులో మళ్లీ పెడితే ఐదు బండ్లు 200 కిలోమీటర్లకు పైబడిన దారిని పూర్తి చేశాయి, స్టాన్‌ఫోర్డ్ జట్టు బండి స్టాన్లీ మొదటి స్థానంలో నిలిచింది. మన వైవా పద్ధతిలో మార్కులు వేసి ఉంటే 2004లో అందరికీ బ్యాక్‌లాగే మిగిలేది, 2005 పోటీకి ఎవరూ వచ్చి ఉండేవారు కాదు.

అందుకని ప్రిన్సిపాల్ గారిని ఈ వేదిక మీదే అడుగుతున్నాను, మర్యాద తప్పితే మన్నించాలి. మోటార్లను, సెన్సర్లను, చిన్న బోర్డులను డెడ్ స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించకండి. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఆమ్లం ఖర్చయిందని ఎవరినీ సంజాయిషీ అడగరు కదా, వీటినీ అలాగే ఖర్చయ్యే సామగ్రి కింద రాయించండి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే వీటిలో చాలావరకు దొరుకుతాయి, వాటి ధర ఈ సభలో మాకు కప్పిన శాలువాల ధరను మించదు. శాలువా నాకు వద్దనడం లేదు, ధర పోల్చి చూడమంటున్నాను.

తాళంచెవి మూడో సంవత్సరం విద్యార్థులకు వంతులవారీగా ఇవ్వండి. టెక్నీషియన్ దగ్గర రెండోది ఉండనివ్వండి. మార్కుల్లో సగం బండి నడిచినందుకు వేస్తే, మిగతా సగం నడవని రోజుల గురించి రాసుకున్న నోట్‌బుక్‌కు వేయండి: ఆ రోజు ఏం జరిగింది, ఏమనుకున్నారు, ఏం మార్చారు, మార్చాక ఏమైంది. అమీర్‌పేటలో ప్రాజెక్టు అమ్మగలరు గానీ, వేరొకరి చేతిరాతలో నెలల తరబడి సాగిన తికమకను అమ్మడం అంత తేలిక కాదు.

విద్యార్థులతో ఒక్క మాట. రాయదుర్గంలో 2023 నుంచి టీ-వర్క్స్ నడుస్తున్నది, నమూనాలు తయారుచేసుకోవడానికి కావలసిన యంత్రాలు అక్కడ ఉన్నాయి. అడిగి వెళ్లండి. మెకానికల్ మిత్రుణ్ని వెంట తీసుకువెళ్లండి, మీకు తెలియని సంగతులు అతనికి తెలుసు.

ఆఖరుగా యాజమాన్యానికి ఒక విన్నపం. కళాశాల బస్సులు సాయంత్రం నాలుగింటికే బయలుదేరితే ఆ గదిలో పని జరిగేది ఎప్పుడు? వారానికి రెండు రోజులైనా ఏడింటికి ఒక బస్సు నడపండి, అమ్మాయిలు కూడా ఇంట్లో ధైర్యంగా చెప్పి ఉండగలుగుతారు. ఉప్పల్ వైపు ఒకటి, కూకట్‌పల్లి వైపు ఒకటి చాలు.