హార్ట్‌ఫర్డ్ రోజ్ వీకెండ్: ఫ్రీయే, కానీ ఏ రోజు వెళ్లాలి?

నమస్తే అండీ. కనెక్టికట్‌లో ఉన్నవాళ్లకీ, న్యూజెర్సీ నుంచో బోస్టన్ నుంచో వీకెండ్‌కి ఎటైనా పోదామని చూస్తున్నవాళ్లకీ ఈ వీడియో. హార్ట్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ పార్క్, అందులో ఏటా జూన్ మధ్యలో జరిగే గులాబీల ఫెస్టివల్, రోజ్ వీకెండ్. గార్డెన్‌కి టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. నా మాట ముందే చెప్పేస్తాను. గులాబీల కోసం తప్పకుండా వెళ్లండి, ఫెస్టివల్ కోసమే అయితే అంత దూరం రావద్దు. రెండూ ఒకటే కదా అంటారేమో. కాదండీ.

ఇదిగో, ఇదే గార్డెన్. మొత్తం పార్కు నూరెకరాల పైచిలుకు, గులాబీలున్నది రెండున్నర ఎకరాల్లో. ఆ కొంచెంలోనే దాదాపు 15,000 మొక్కలు, 800 రకాల దాకా పెట్టారు. మధ్యలో ఆ చెక్క మంటపం కనిపిస్తోందా, తీగ అల్లుకుపోయి? అక్కడ నిలబడితే అన్ని వైపులకీ దారులు, దారుల మీద వరసగా తీగ గులాబీల ఆర్చీలు. ఫోటోల్లో మీరు చూసేది ఇదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కింద మడుల్లో ఉన్న గులాబీలూ, ఆర్చీల మీద ఉన్న గులాబీలూ ఒకేసారి పూయవు. మడుల్లోవి జూన్ మధ్యకల్లా మొదటి విడత విరగబూస్తాయి, ఆ తర్వాత కూడా చలి ముదిరేదాకా విడతలు విడతలుగా పూస్తూనే ఉంటాయి. ఆర్చీల మీదివి అలా కాదు. ఏడాదికి ఒక్కసారే పూత, అదీ కాస్త ఆలస్యంగా, జూన్ ఆఖర్లో మొదలై జులై మొదటి వారం దాకా. దగ్గరగా చూపిస్తాను, ఈ గుత్తి చూడండి. పువ్వు రూపాయి బిళ్లంతే, కానీ ఒక్కో గుత్తికి ఇరవై ముప్ఫై ఉంటాయి. సగం ఇంకా మొగ్గలే. అంటే ఫెస్టివల్ రోజున వస్తే మడులు నిండుగా ఉంటాయి, పైన ఆర్చీలు చాలావరకు పచ్చగానే ఉండొచ్చు. ఎండలు ముందే ముదిరిన ఏడాది అయితే అదృష్టం, రెండూ దొరుకుతాయి. చీర కట్టుకుని ఆర్చీ కింద ఫోటో దిగాలని ప్లాన్ చేసుకున్నవాళ్లు మాత్రం ఇంకో వారం ఆగండి. మరీ ఆలస్యం చేయొద్దు, జులైలో జపనీస్ బీటిల్స్ దిగుతాయి. ఆకుపచ్చగా, రాగి రంగు రెక్కలతో చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి కానీ, రేకుల్ని జల్లెడ చేసి పెడతాయి.

వాసన సంగతి. చాలామంది నిరాశపడేది ఇక్కడే. ఇంత పెద్ద పువ్వు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు. రంగు కోసం, సైజు కోసం పెంచిన హైబ్రిడ్లలో చాలావాటి సంగతి అంతే. మన పన్నీరు గులాబీ లాంటి వాసన కావాలంటే పక్కనే హెరిటేజ్ రోజ్ గార్డెన్ అని వేరుగా ఉంది, పాతకాలపు రకాలు అక్కడుంటాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే వాసన పోతుంది. అటువైపు జనం కూడా తక్కువే.

ఈ స్థలం చార్లెస్ పాండ్ అనే ఆయనది. భార్య పేరు పెట్టాలన్న షరతుతో ఊరికి రాసిచ్చి పోయాడు, ఆ ఎలిజబెత్ ఈవిడే. గులాబీ తోట వేసింది థియోడోర్ విర్త్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మనిషి. 1904లో తెరిచారు. అమెరికాలో ఒక మునిసిపాలిటీ నడిపిన మొదటి గులాబీ తోట ఇదే. నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించింది 1970ల్లో జరిగింది. డబ్బుల్లేవు, తోట దున్నేద్దాం అనుకుంది సిటీ. చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు, 1977లో సంఘం పెట్టుకుని తామే పనిలోకి దిగారు. ఇప్పటికీ వాలంటీర్లు వచ్చి వాడిన పూలు కత్తిరిస్తుంటారు. అలా కత్తిరించకపోతే మొక్క గింజ కట్టే పనిలో పడి కొత్త మొగ్గ వేయదు. మీరు వెళ్లినప్పుడు ఎవరైనా కత్తెర పట్టుకుని కనిపిస్తే పలకరించండి, ఏ రకం ఏంటో మహా ఓపిగ్గా చెబుతారు.

ఇక ఫెస్టివల్. పాటలు, కవితలు చదవడం, చిన్న చిన్న స్టాళ్లు. బాగానే ఉంటుంది, గంటలో చూసేయొచ్చు. జాతర సందడి ఊహించుకుని రావద్దు. జనం మాత్రం బాగా ఉంటారు, పదకొండు దాటితే పార్కింగ్ కోసం తిరుగుడే తిరుగుడు. ఆర్చీ కింద నిలబడాలంటే ముందున్న ఫ్యామిలీ ఫోటోలు అయ్యేదాకా ఆగాల్సిందే.

మనవాళ్లకి ఇంకో మాట. జూన్ అంటే అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉండే టైం. వాళ్లని మాల్స్‌కి తిప్పేకంటే ఇక్కడికి తీసుకురండి. పెద్దగా ఎక్కుడూ దిగుడూ లేదు, కూర్చోవడానికి బల్లలున్నాయి. కానీ ముందే చెప్పి తీసుకురండి, పువ్వు కోయకూడదు, కొమ్మ తుంచకూడదు. “ఒక్క కొమ్మ తీసుకెళ్తే అంటు కట్టుకోవచ్చు కదరా” అని అడిగే పెద్దవాళ్లు మనింట్లో ఒకరైనా ఉంటారు. మిడిల్‌టౌన్ సత్యనారాయణ స్వామి గుడికి వెళ్లే పని ఉంటే రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు. పొద్దున పార్కు, తర్వాత గుడి.

నా లెక్కలో గార్డెన్‌కి అయిదుకి అయిదు, ఫెస్టివల్‌కి మూడు. వీలైతే ఆ వీకెండ్ అయ్యాక వచ్చే వారంలో, మామూలు రోజున, పొద్దున ఎనిమిది లోపు వెళ్లండి. సెలవు దొరకదు, శని ఆదివారాలే కుదురుతుందంటే తొమ్మిదికల్లా కారు పెట్టేసి, ముందు ఫోటోలు కానిచ్చి, పాటలు మొదలయ్యాక ఓ పక్కన గడ్డిలో దుప్పటి పరుచుకోండి. పులిహోర డబ్బా ఇంటి నుంచే తెచ్చుకోండి.