నీరు కాదు, కణితి: ప్లూరాలో ఒక అరుదైన గడ్డను గుర్తించడం

మిత్రులారా,

తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, పిలిస్తే పలకని మనిషిని ఊహించుకోండి. ఆయనకు మధుమేహం లేదు, చక్కెర మాత్రలూ వేసుకోరు. అయినా రక్తంలో చక్కెర 40కి పడిపోయింది. ఇంట్లోవాళ్లు ఫిట్స్ అనుకున్నారు. ఛాతీ ఎక్స్‌రేలో ఒక పక్క సగం దాకా తెల్లగా ఉంది.

ఆ తెలుపు చూడగానే మన నోటికి ముందు వచ్చే మాట 'నీరు చేరింది, టీబీ అయి ఉంటుంది' అని. ఇక్కడ టీబీ అంత ఎక్కువ, కాబట్టి ఆ అనుమానాన్ని నేను తప్పు పట్టను. కానీ సూది గుచ్చినా నీరు రాకపోతే ఆగాలి. సీటీ స్కాన్ తీయించాలి. ఆ తెలుపు నీరు కాక, ప్లూరాలో, అంటే ఊపిరితిత్తిని కప్పి ఉండే పొరలో, పెరిగిన సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే అరుదైన గడ్డ కావచ్చు.

1930లో డోగె, పాటర్ అనే వైద్యులు విడివిడిగా ఇలాంటి రోగుల గురించి రాశారు. ఈ కణితి ఇన్సులిన్‌ను కాదు, దాన్ని పోలిన ఐజీఎఫ్‌-2ను రక్తంలోకి వదులుతుంది. అందుకే చక్కెర పడిపోయిన సమయంలో తీసిన రక్తంలో ఇన్సులిన్ కూడా తక్కువే ఉంటుంది. చక్కెర ఇలా పడిపోయేది కొద్దిమందిలోనే. చాలామందిలో వేరే పనికి తీసిన ఎక్స్‌రేలోనే గడ్డ బయటపడుతుంది.

ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా అనే ప్లూరా క్యాన్సర్ వేరు, ఇది వేరు. దీనికి ఆస్‌బెస్టాస్‌తో సంబంధం లేదు. ఎక్కువ మందికి గడ్డను పూర్తిగా కోసి తీసేస్తే నయమవుతుంది, పడిపోయిన చక్కెరా తేరుకుంటుంది. అందుకే పేరు తప్పుగా రాయడమంటే నాకు భయం.

సన్నని సూదితో లాగిన కొద్దిపాటి కణాలతో తేల్చడం కష్టం. కాస్త లావు సూదితో ముక్క తీసి పంపండి. సూక్ష్మదర్శిని కింద కదురు ఆకారపు కణాలు ఒక వరుసంటూ లేకుండా పరుచుకుని ఉంటాయి. మధ్యమధ్యలో దుప్పి కొమ్ముల్లా చీలిన రక్తనాళాలు. చూపు అక్కడ నిలిచిపోతుంది. అయినా రూపం ఒక్కటే చాలదు. 12వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉండే నాబ్‌2, స్టాట్‌6 జన్యువులు ఈ కణితిలో అతుక్కుపోతాయని 2013లో తెలిసింది. అప్పటి నుంచి కణాలను పరీక్షించే మా పని తేలికయింది. స్టాట్‌6 పరీక్ష చేస్తే కణ కేంద్రకాలు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. మీసోథీలియోమాలో సాధారణంగా అలా తిరగవు.

ఆపరేషన్ అయిన రోగిని ఐదేళ్లకే వదిలేయవద్దు. పదేళ్లు దాటాక కూడా ఇది తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. బయాప్సీ రిపోర్టును ఇంట్లో భద్రంగా దాచుకోమని, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా చూపించమని చెప్పి పంపండి.