బురుజు మీది భర్మారు: సొంత తుపాకి ప్రజల స్వేచ్ఛను కాపాడుతుందా?

సభకు నమస్కారం.

అమెరికాలో తుపాకి హక్కు కోసం వాదించేవాళ్లు గాంధీ మాట ఒకటి తరచుగా చూపిస్తుంటారు. బ్రిటిష్ పాలన మనకు చేసిన చెడుపనుల్లో, ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన చట్టమే అన్నిటికంటే నల్లనిదని చరిత్ర తేలుస్తుందన్న మాట. గాంధీ ఆ మాట అన్నది నిజమే. 1918లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పంచిన కరపత్రంలో అన్నాడు. ఆ కరపత్రం దేనికంటే, బ్రిటిష్ సైన్యంలో చేరమని జనాన్ని పిలవడానికి. ఆయుధ చట్టం పోవాలన్నా, ఆయుధం పట్టడం నేర్చుకోవాలన్నా ఇదే మంచి అదను, వచ్చి చేరండి అన్నది ఆ వెంటనే వచ్చే మాట సారాంశం. సర్కారు మీద తిరగబడడానికి ఇంటికో తుపాకి ఉంచుకోమని ఆయన చెప్పలేదు. సైన్యంలో చేరండన్న ఆ రెండో ముక్క తుపాకి హక్కు వాళ్ల పోస్టర్ల మీద ఎక్కడా కనబడదు.

అలాగని ఆ కోపం ఉత్తిది కాదు. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో వచ్చిన చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది. గాయం అక్కడుంది. 1928 నెహ్రూ నివేదికలోను, 1931 కరాచీ తీర్మానంలోను ఆయుధం ఉంచుకునే హక్కును, నిబంధనలకు లోబడి అన్న షరతుతో, పౌరుల హక్కుల జాబితాలో చేర్చారు. 1930లో గాంధీ పెట్టిన 11 డిమాండ్లలో కూడా ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి, అదీ ప్రజల అదుపులో. కాబట్టి ఇది అమెరికా వాళ్ల గొడవ, మనకెందుకు అని పక్కన పెట్టేయడం కుదరదు.

మన దగ్గరే చూద్దాం. 1946 నాటి తెలంగాణ పల్లెలో సొంత తుపాకి లేక కాదు. ఉంది, దొర గడీలో ఉంది. ఆ ఏడు జూలై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఊరేగింపుగా వచ్చిన ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ల దగ్గర ఉన్నవి కర్రలు, వడిసెలలు. వెట్టి, బలవంతపు వసూళ్లు, భూముల ఆక్రమణ ఇవన్నీ అంతకాలం నిలబడడానికి ఆ ప్రైవేటు తుపాకి కూడా ఒక కారణం. తర్వాత ఊళ్ల మీద పడిన రజాకార్లు సైతం నిజాం సైన్యం సిపాయిలు కారు, కాశిం రజ్వీ నడిపిన ప్రైవేటు దళం. పౌరుల చేతిలో ఆయుధం అనగానే మనం మన పక్షం పౌరుణ్ణే ఊహించుకుంటాం. ముందు ఎవడికి అందుతుంది, కాల్చినా ఎవడి మీద కేసు పడదు అన్నవి అడగం. వాదమంతా పక్కదారి పట్టేది అక్కడే.

ఇప్పుడు ఎదుటివైపు. ఇవాళ సిద్దిపేట జిల్లాలో ఉన్న భైరాన్‌పల్లి రజాకార్లను మొదట్లో తిప్పికొట్టింది. ఊళ్లో ఎత్తైన బురుజు, పైన కాపలా, కింద గ్రామ రక్షక దళం. చేతుల్లో వడిసెలలు, నాటు తుపాకులు. వాటినే తెలంగాణలో భర్మార్లు అంటారు. భర్మారు కాల్చడమంటే గొట్టం మూతి నుంచి మందు పోయాలి, పైన పీచో గుడ్డపీలికో కుక్కాలి, గుండ్లు వేయాలి, అవి జారిపోకుండా మళ్లీ కుక్కి కడ్డీతో బిగించాలి, వెనక నిప్పురవ్వ పుట్టే చోట టోపీ, అంటే దెబ్బకు పేలే చిన్న మందు మూత పెట్టాలి, అప్పుడు గుర్రం, అంటే దాన్ని కొట్టే సుత్తి ఎత్తాలి. బాగా చెయ్యి తిరిగినవాడికి కూడా నిమిషానికి రెండు దెబ్బలంటే గొప్ప. 100 గజాలు దాటితే గురి మీద ఆశ వదులుకోవాలి. వానాకాలంలో మందు చెమ్మగిల్లితే టోపీ చిటుక్కుమంటుంది, గొట్టం పేలదు.

అంత మాత్రం సరంజామా ఎందుకు పనిచేసిందంటే, వచ్చినవాళ్లు దోచుకోవడానికి వచ్చారు. దోపిడి ముఠాకు లెక్క ఉంటుంది. నలుగురు పడిపోతే గిట్టదు, ఇంకో ఊరు చూసుకుంటుంది. బురుజు ఎత్తు, రాత్రంతా కాపలా, పిలిస్తే పరుగెత్తుకొచ్చే జనం, ఇవన్నీ కలిసి ఆ ముఠాకు ఊరిని ఖరీదైనదిగా మార్చాయి. ఇందులో తుపాకి వాటా ఎంత, ఊరి కట్టు వాటా ఎంత అంటే రెండోదే ఎక్కువ. ఊరి కట్టు లేకుండా విడివిడి ఇళ్లలో అవే తుపాకులు ఉండి ఉంటే, ఒక్కో ఇల్లు చొప్పున ఊడ్చుకుపోయేవాళ్లు.

1948 ఆగస్టు 27 తెల్లవారుజామున వచ్చింది ముఠా కాదు. రజాకార్లతో పాటు నిజాం సైన్యం వచ్చింది, ఫిరంగి వచ్చింది. అంతవరకు ఊరిని కాచిన బురుజే ఫిరంగికి తేలిగ్గా దొరికే గురి అయింది. ఆ ఒక్క రోజే 90 మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల రాజ్యం కూలింది అలాగ.

సరిగ్గా ఇలాంటిదే అమెరికాలో అంతకు 75 ఏళ్ల ముందు జరిగింది. లూసియానా రాష్ట్రంలో కోల్‌ఫాక్స్ అనే ఊరు, 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. ఎన్నికల తగాదాలో నల్లజాతివాళ్లు తుపాకులతో కోర్టు భవనాన్ని పట్టుకుని, చుట్టూ కందకం తవ్వుకుని నిలబడ్డారు. తెల్లవాళ్ల గుంపు చిన్న ఫిరంగి ఒకటి తెచ్చింది, భవనానికి నిప్పు పెట్టింది, లొంగిపోయినవాళ్లను కూడా చంపింది. మృతులు 60 నుంచి 150 దాకా అని చరిత్రకారుల అంచనా. ఆ హంతకుల్లో కొందరికి పడిన శిక్షలను 1876లో క్రూక్‌షాంక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆయుధం ఉంచుకునే హక్కు చెప్పే రాజ్యాంగ రెండో సవరణ కట్టడి చేసేది కాంగ్రెసునే, అంటే అక్కడి పార్లమెంటునే, పౌరుల మీద పౌరులు చేసిన దాడికి అది వర్తించదని చెప్పింది. అప్పటికి ఆ సవరణ అమల్లోకి వచ్చి దాదాపు 85 ఏళ్లు. తుపాకి ఉంది, రాజ్యాంగంలో అక్షరం ఉంది, ఆ అక్షరాన్ని నీ తరఫున చదివే న్యాయస్థానం లేదు.

తుపాకి పక్షం వాళ్ల దగ్గర గట్టి ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. కడవెండి కాల్పులకు నెల తిరక్కముందే, 1946 ఆగస్టు 1న, టెనెసీ రాష్ట్రంలోని ఏథెన్స్‌లో షెరిఫ్, అంటే అక్కడి పోలీసు పెద్ద, మనుషులు ఓట్ల పెట్టెలను జైలుకు ఎత్తుకుపోయారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు రాత్రంతా జైలు మీద కాల్పులు జరిపి, చివరికి డైనమైట్ విసిరి, లోపలివాళ్లను లొంగదీశారు. ఓట్లు లెక్కపెట్టారు, సైనికుల అభ్యర్థులే గెలిచారు. బాగానే ఉంది. కానీ వాళ్ల రైఫిళ్లలో చాలా భాగం ఇళ్ల అటక మీదివి కావు, ప్రభుత్వ ఆయుధాగారం తెరిచి తెచ్చుకున్నవి. కాల్చినవాళ్లు రెండో ప్రపంచయుద్ధం చేసి వచ్చినవాళ్లు. వాళ్లు అప్పటికే పార్టీ కట్టారు, అభ్యర్థులను పెట్టారు, పోలింగ్ కేంద్రాల్లో ఏజెంట్లను కూర్చోబెట్టారు. తుపాకి చేసిన పని, పడిన ఓట్లను లెక్కపెట్టించడం. అన్నిటికీ మించి, పైనుంచి సైన్యం వాళ్ల మీదికి రాలేదు. ఆ రోజు ఓటు వేయడానికి వచ్చిన నల్లజాతి వృద్ధుణ్ణి షెరిఫ్ కింది డిప్యూటీ ఒకడు కాల్చాడు. ఆ వృద్ధుడి జాతివాళ్లే ఆయుధాగారం పగలగొట్టి ఉంటే, ఆ నాటి టెనెసీలో సైన్యం రాకుండా ఉండేదా?

తూటాల సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను కొట్టి 26 తుపాకులు, దాదాపు 2,500 తూటాలు తీసుకెళ్లాడు. పంచితే తుపాకికి 100 కూడా రావు. తర్వాతి నెల దామనపల్లి ఘాటులో కాపు కాసి ఇద్దరు తెల్ల అధికారులను చంపగలిగారు. కానీ తూటా అయిపోతే మళ్లీ పోలీసు స్టేషనే దిక్కు, ఆపాటికి స్టేషన్లలో ఆయుధాలు ఉంచడం సర్కారు మానేస్తుంది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర దెబ్బ తిన్నారు. 1924 మే 7న రాజు మరణం. చేతికి వచ్చిన తూటా వేరే కొలతదైతే ఆ రైఫిల్ ఇనప ముక్కతో సమానం. నాటు తుపాకికి మందు పల్లెలో దొరుకుతుంది, మిలిటరీ రైఫిల్ తూటాకు కర్మాగారం కావాలి. కర్మాగారం ఎవరిదో గెలుపు ముప్పాతికపాళ్లు వాడిదే.

తెలంగాణలో రజాకార్లతో పోరాడిన దళాలు తుపాకులు దింపకుండా భారత సైన్యాన్ని కూడా ఎదుర్కోవాలా అన్న దగ్గర కమ్యూనిస్టు పార్టీ చీలింది. ఆ పార్టీ నాయకుడు రావి నారాయణరెడ్డి ఆపేద్దామన్నాడు. 1951 అక్టోబరు దాకా సాగింది, చాలామందిని పోగొట్టుకుని ఆగింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయనే నల్గొండ నుంచి భారీ మెజారిటీతో లోక్‌సభకు వెళ్లాడు. అదే జిల్లా, అదే జనం.

రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న నేరుగానే వచ్చింది. 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఆయుధం కలిగి ఉండే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ తెచ్చాడు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు, సభ తోసిపుచ్చింది. ఇవాళ రాజ్యాంగం 19(1)(బి) అధికరణలో మిగిలింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉన్నా, 2019 సవరణ తర్వాత మామూలు పౌరుడు ఉంచుకోగలిగేది రెండు తుపాకులే. పైగా ఎన్నికల ప్రకటన రాగానే చాలామంది లైసెన్సుదారులు వాటిని పోలీసు స్టేషనులో జమ చేయాలి. ఓటరు స్వేచ్ఛ కోసమే ఆ నియమం. రాయలసీమ ఫ్యాక్షన్ ఊళ్లు చూసినవాళ్లకు దాని అవసరం విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి అర్ధరాత్రి పోలీసులు తలుపు కొడితే? తుపాకి తీస్తే మీరు ఓడిపోతారు, తర్వాత మీ మీద రాసే ఎఫ్ఐఆర్‌కు అదే మొదటి సాక్ష్యం అవుతుంది. పనికొచ్చేవి వేరు. వచ్చిన అధికారి పేరు కనబడేలా గుర్తింపు ధరించాలి. అరెస్టు మెమో అక్కడే రాయాలి, తేదీ, సమయం వేయాలి, కుటుంబసభ్యుడో ఊళ్లో పరువున్న మనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఇది చాలావరకు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్లో ఉంది. ఎక్కడ ఉంచారో బంధువుకు చెప్పాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇందులో ఎక్కువగా జరిగే మోసం సమయం దగ్గర. రాత్రి పట్టుకెళ్లి మర్నాడు సాయంత్రం పట్టుకున్నట్టు రాస్తారు. అందుకని ఇంట్లోవాళ్లు వెంటనే ఎస్పీకి, మేజిస్ట్రేటుకు సమయంతో సహా టెలిగ్రాములు కొట్టేవాళ్లు. ఇప్పుడు ఈమెయిలు ఆ పని చేస్తుంది. ఆచూకీ తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్.

ఈ కాయితాలు కూడా విఫలమవుతాయి. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ నడుమ, సుప్రీంకోర్టు హెబియస్ కార్పస్ అడిగే దారినే మూసేసింది; నలుగురు న్యాయమూర్తులు ఆ వైపు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడూ ఎదుటివైపు. దేశంలో లైసెన్సు తుపాకులు అప్పుడూ ఉన్నాయి, వాటి వల్ల జైలు తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. 1977 మార్చిలో జనం ఓట్లేశారు. వచ్చిన కొత్త సభ 1978లో 44వ సవరణ చేసింది. దానితో ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణల (అన్యాయపు శిక్షల నుంచి రక్షణ, ప్రాణ స్వేచ్ఛల హక్కు) అమలును నిలిపేసే అధికారం ప్రభుత్వానికి పోయింది.