కాలవకి సంఘం ఉంది, కాలేజీకి లేదు

నమస్కారమండి. ముందు మీకో కాయితం చూపించాలి. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. మా చెల్లి డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్ష ఫీజు కట్టడానికి వెళ్తే కాలేజీ ఆఫీసు కిటికీలోంచి ఇచ్చిన చీటీ ఇది. నోటు పుస్తకంలోంచి చింపిన పావు కాయితం. పైన దాని రోల్ నంబరు, కింద పెన్సిల్‌తో ‘బాకీ’ అని రాసి, పక్కనే ఓ అంకె. సంతకం లేదు, ముద్ర లేదు, తేదీ కూడా లేదు.

ఆ అంకె మా ఇంటి బాకీ కాదండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఆ కాలేజీకి కట్టాల్సిన డబ్బు. అది రాలేదు కాబట్టి ముందు మీరు కట్టేయండి, వచ్చాక తిరిగిస్తాం, కట్టకపోతే హాల్ టికెట్ లేదన్నారు. అమ్మ చెవిదిద్దులు బ్యాంకులో పెట్టి కట్టాం. ఆ కాలేజీ పేరు నేను చెప్పను. కిటికీ లోపల కూర్చున్న గుమాస్తా గారిని తిట్టినా లాభం లేదు. ఆయన జీతం కూడా ఆ డబ్బు వస్తేనే వస్తుంది.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర చెల్లి నాన్నని ఓ మాట అడిగింది. అదేంటో చెప్పాలంటే ముందు మా చేను గురించి చెప్పాలి.

మాది కోనసీమలో శివారు భూమి, అంటే కాలవ చిట్టచివర ఉండేది. కౌలుకి చేస్తారు నాన్న. డెల్టాలో శివారు కష్టం ఏంటో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ కాలవలే మాకు అన్నం పెడుతున్నాయి. ఇప్పుడు అక్కడున్న బ్యారేజీ కింద పది లక్షల ఎకరాలు తడుస్తాయి. ఏటా నీళ్లు వదిలిన రోజు గేట్ల దగ్గర పసుపు కుంకుమ చల్లుతారు, మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఆ ఫొటో చూసి మా ఊళ్లో ఎవరూ నాగలి తీయరు. ఎందుకంటే మాకు నీళ్లు ‘వదిలారు’ అన్నమాట వేరు, చేలోకి ‘ఎక్కాయి’ అన్నమాట వేరు. మధ్యలో ఎన్ని లాకులు, ఎన్ని తూములు, ఎంత పూడిక, ఎంత గుర్రపు డెక్క! దాళ్వాలో, అంటే రెండో పంటకి, అయితే నీళ్లు వంతులవారీ. మా వంతు రాత్రి రెండింటికి వస్తే నాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలా.

అలాంటప్పుడు నీళ్లు రాకపోతే నాన్న ఏం చేస్తారో తెలుసాండీ? నీటి సంఘం ప్రెసిడెంటు దగ్గరికి వెళ్తారు. 1997లో చట్టం చేశారు, సాగునీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకి భాగం ఇస్తూ. రైతులు ఎన్నుకున్న సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. ఆ సంఘాల్లో లోపాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ప్రెసిడెంటు పది మంది రైతుల్ని వెంటబెట్టుకుని వెళ్తే ఇరిగేషన్ ఆఫీసులో కుర్చీ వేస్తారు. ఎందుకు రాలేదో ఇంజనీరు గారు చెప్పాలి, కాలవ చూసుకునే లస్కర్ని పంపించాలి. అడిగే హక్కు ఉన్న మనిషి అడుగుతున్నాడు కాబట్టి.

ఇప్పుడు చెల్లి అడిగిన మాట. “నాన్నా, నీ నీళ్లకి ప్రెసిడెంటు ఉన్నాడు. నా ఫీజుకి ఎవరున్నారు?”

నాన్న అన్నం కలుపుతూ ఆగిపోయారు. నా దగ్గరా జవాబు లేదు. ఈ వీడియో ఆ ప్రశ్న గురించే.

ఫీజు పథకం రాజశేఖరరెడ్డి గారి హయాంలో పెద్ద ఎత్తున మొదలైంది. దాని వల్ల మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీలు వచ్చాయి, ఆ మేలు నేను మర్చిపోను. 2020లో దానికి విద్యాదీవెన అని పేరు పెట్టారు, 2021 నుంచి తల్లుల ఖాతాలో వేశారు. వసతి దీవెన కింద హాస్టలు, భోజనం ఖర్చులకి డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కి 15,000, ఐటీఐకి 10,000 అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. పథకం పేరు మారింది, ఖాతా మారింది, బకాయి మాత్రం అలాగే ఉంది. ఏ పార్టీ వాళ్లకి కోపమొచ్చినా సరే, ఇది అందరి హయాంలోనూ జరిగింది. ‘విడుదల చేశాం’ అని ప్రకటన వస్తుంది. మా చీటీ మీద పెన్సిల్ అంకె చెరగదు. వదిలారు, ఎక్కలేదు.

ఇదంతా ప్రైవేటు కాలేజీల గొడవ అనుకోకండి. అసలు ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలే గట్టిగా ఉంటే ఈ రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూపులు ఇంత ఉండవు. మన గోదావరి జిల్లాలకి ఆ సంగతి కొత్తా? కాకినాడ పీఆర్ కాలేజీ పిఠాపురం రాజా వారి ఆదరణతో పెరిగింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ ప్రిన్సిపాలుగా చేసి తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. భీమవరంలో డీఎన్నార్ కాలేజీ 1945లో, నరసాపురంలో వైఎన్ 1949లో, అమలాపురంలో ఎస్కేబీఆర్ 1951లో. ఇవన్నీ ఇక్కడివాళ్లు పూనుకుని పెట్టుకున్నవి, తర్వాత లెక్చరర్ల జీతాలు ప్రభుత్వం ఎయిడ్‌గా ఇస్తూ వచ్చింది. అందుకే కౌలు రైతు పిల్లలు కూడా ఆ బెంచీల మీద కూర్చోగలిగారు.

2021లో ఆ ఎయిడ్ వదులుకోమని కాలేజీలని అడిగారు, గుర్తుందా? అనంతపురంలో నవంబరులో పిల్లలు రోడ్డెక్కారు. లాఠీచార్జి జరిగింది. ఆ ఆడపిల్లల వీడియోలు మనందరం చూశాం. ఆ గొడవ తర్వాతే ప్రభుత్వం మెట్టు దిగి, ఇచ్చిన అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని కాలేజీలకి చెప్పింది. పిల్లలు అడిగితే కదులుతుందండీ. కానీ అడగడానికి తల పగలాలా?

విశ్వవిద్యాలయం సంగతీ అంతే. రాజమండ్రిలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుని 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం చేశారు, ఎంత సంబరపడ్డామో. 2023లో రాష్ట్రంలోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి 3,220 అధ్యాపక పోస్టులకి నోటిఫికేషన్లు ఇస్తే, ఆ భర్తీ కోర్టు కేసుల్లో చిక్కుకుంది. పాఠం చెప్పే మనిషి కాంట్రాక్టు మీద, గెస్టు పేరు మీద ఏళ్ల తరబడి ఉంటే పిల్లలకి ఏం భరోసా? చదువు మీద జాతీయాదాయంలో 6 శాతం పెట్టాలని కొఠారి కమిషన్ చెప్పింది 1966లో. 2020 జాతీయ విద్యా విధానంలోనూ అదే 6 శాతం. 54 ఏళ్ల తర్వాత కూడా అది లక్ష్యంగానే రాసుకున్నాం.

మరి అడిగేదెవరు? పార్టీల విద్యార్థి సంఘాలు ఉన్నాయి. ఎండలో కలెక్టరేట్ల ముందు కూర్చునేది వాళ్లే. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో, ప్రైవేటు కాలేజీల్లో పీజీ పిల్లలకి ఫీజు సాయం ఆపిన జీవో, దాన్ని రద్దు చేయాలని ఏళ్ల తరబడి తిరిగింది వాళ్లే. వాళ్లకి నా దండం. కానీ కాలేజీలో ఉన్న పిల్లలంతా ఓటేసి ఎన్నుకున్న సంఘం మనకి లేదు. మన రాష్ట్రం కాలేజీల్లో ఆ ఎన్నికలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పాలకమండలిలో ఓ విద్యార్థికి ఓటుతో సహా కుర్చీ ఉంది. 2012లో అక్కడ పన్ను పెంపు మీద జనం ఓటు పెట్టారు. ఓడిపోతే రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలకి చెరో 25 కోట్ల డాలర్లు కోత పడేది. విద్యార్థి సంఘాలు తోటి పిల్లలని ఓటర్లుగా చేర్పించాయి, లెక్కలు చెప్పి ప్రచారం చేశాయి. అది నెగ్గింది. లెక్క ముందే వాళ్ల చేతిలో ఉంది కాబట్టి అడగగలిగారు.

ఎన్నికలంటే మా నాన్న తరానికి భయం, నాకు తెలుసు. కాలేజీ గేటు దగ్గర సైకిలు చైన్లు, కులాల పేరు మీద కొట్లాటలు, పగిలిన తలలు. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. దాని కోసమే సుప్రీంకోర్టు చెప్పగా వేసిన లింగ్డో కమిటీ 2006లో నియమాలు ఇచ్చింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించకూడదు, 75 శాతం హాజరు ఉండాలి, డిగ్రీ పిల్లలకి వయసు 17 నుంచి 22, అచ్చు పోస్టర్లు కుదరవు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమంది. నియమాలు ఉన్నాయి, మన దగ్గర వాటితో ఎన్నిక పెట్టడమే జరగలేదు. పంచాయతీ ఎన్నికల్లోనూ కొట్లాటలు జరిగాయి, అందుకని ఊరికి సర్పంచి వద్దన్నామా? పద్దెనిమిదేళ్లకి ముఖ్యమంత్రిని ఎన్నుకోమని ఓటిచ్చిన పిల్లకి, తన కాలేజీలో బడ్జెట్టు ముందు ఎవరు మాట్లాడాలో ఎన్నుకునే ఓటు ఎందుకివ్వరు?

బడ్జెట్టు మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెడతారు. మనం ధర్నా చేసేది హాల్ టికెట్ ఆపాక. కాలవ మూసేశాక నీళ్లడిగినట్టు. పంట కాలవల్లో పూడిక ఎప్పుడు తీయించాలో నాన్నకి తెలుసు, ఎండాకాలంలో, నీళ్లు వదలకముందు. ఫీజుకి కూడా అడగాల్సిన కాలం అదే.

చెల్లీ నేనూ కూర్చుని సమాచార హక్కు దరఖాస్తు రాశాం. తెల్లకాయితం మీద, పది రూపాయల రుసుము. మూడే అడిగాం. మా కాలేజీకి గత మూడేళ్లలో ఏ త్రైమాసికానికి ఎంత మంజూరైంది, అందులో ఎంత ఏ తేదీన ఖాతాలో పడింది, మిగిలింది ఎప్పుడు వేస్తారు. చివర్లో చెల్లి సంతకం, తేదీతో సహా. ఆ చీటీ మీద లేనివి రెండూ దీని మీద పెట్టాలని పట్టుబట్టింది. సోమవారం ఇస్తున్నాం. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చినా రాకపోయినా ముప్పయ్యొకటో రోజున ఇక్కడే, ఇదే కుర్చీలో, చెల్లి చదివి వినిపిస్తుంది. దరఖాస్తు నమూనా కింద పెట్టాను. మీ కాలేజీ పేరు రాసుకుని మీరూ పంపండి, వచ్చిన జవాబు నాకు చూపించండి.